పొగగొట్టంలో బొగ్గుబాయి దీపం

మిరప కోతలు మొదలయ్యాయంటే మానుకోట నుంచి ఎనుమాముల మార్కెట్ దారి పట్టే పికప్ బండ్లకు రాత్రీ పగలూ తేడా ఉండదు. జనగామలో వడ్ల బస్తాలు మోసేవీ అవే, భూపాలపల్లిలో గని కార్మికుల ఇళ్లకు సామాను చేర్చేవీ అవే. ఆ బండ్లు నడిపే పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "తాతా, సైలెన్సర్ కంటే ముందు ఒక డబ్బా ఉంటది కదా. అది కోసి తీసేసి ఉత్త పైపు వెల్డింగ్ చేయిస్తే బండి మంచిగ గుంజుతదట, మైలేజీ పెరుగుతదట. నిజమేనా?"

కూర్చో బిడ్డా, చెప్తాను. ఆ డబ్బాను మెకానిక్‌లు క్యాట్‌కాన్ అంటారు. పూర్తి పేరు కేటలిటిక్ కన్వర్టర్. దాన్ని తీయాలా వద్దా అని తేల్చుకునే ముందు అది చేసే పనేమిటో తెలియాలి. ఆ పని సంగతి మనిషికి మొదట తెలిసింది మోటారు బండిలో కాదు, బొగ్గుబాయి దీపంలో.

ఇంగ్లండులో ఫెల్లింగ్ అనే ఊరి బొగ్గుగని 1812 మే నెలలో పేలింది. 92 మంది చనిపోయారు. బొగ్గు పొరల్లోంచి మీథేన్ వాయువు ఊరుతూ ఉంటుంది. వెలుతురు కోసం కార్మికులు పట్టుకుపోయిన దీపం మంట తగిలితే చాలు, అది భగ్గుమనేది. ఇలాంటి ప్రమాదాలు ఆపడానికి హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త 1815లో ఒక దీపం చేశాడు. మంట చుట్టూ సన్నని లోహపు జాలీ బిగించాడు. మంట వేడిని జాలీ లాగేసుకుంటుంది కాబట్టి బయట ఉన్న వాయువు అంటుకోదు.

డేవీ అక్కడితో ఊరుకోలేదు. 1817 జనవరిలో లండన్ రాయల్ సొసైటీ ముందు ఒక వింత సంగతి చదివి వినిపించాడు. సన్నని ప్లాటినం తీగను వేడి చేసి, మండే వాయువూ గాలీ కలిసి ఉన్న చోట పెడితే, మంటన్నది లేకుండానే ఆ తీగ కణకణా మెరుస్తూ ఉండిపోయింది. వాయువు కాలిపోతోంది, వేడి పుడుతోంది, తీగ మాత్రం అరగడం లేదు, తరగడం లేదు. రాగి, వెండి, ఇనుము, బంగారం ఒక్కొక్కటీ పెట్టి చూశాడు. ఏదీ పనిచేయలేదు. ప్లాటినం, పల్లాడియం, ఈ రెండే పనిచేశాయి. దీపంలో వత్తి పైన ప్లాటినం తీగచుట్ట ఒకటి అమర్చమన్నాడాయన. గనిలో వాయువు ఎక్కువై మంట ఆరిపోయినా తీగ వెలుగుతుంది, ఆ వెలుతురులో మనిషి దారి చూసుకుని బయటపడతాడు. తాను అరగకుండా ఎదుటివాటి మధ్య రసాయన చర్యను నడిపించే ఈ గుణానికి స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1835లో కెటాలిసిస్ అని పేరు పెట్టాడు. ఆ గుణం ఉన్న పదార్థాన్ని మన పుస్తకాల్లో ఉత్ప్రేరకం అంటారు.

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట అనుకోకు. ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ 1871లో బొగ్గు కనుక్కుంటే, 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. ఈనాడు సింగరేణి గనులు భూపాలపల్లిదాకా విస్తరించాయి. భూగర్భ గనిలో మైనింగ్ సర్దార్ చేతిలో మీథేన్ కొలిచే చిన్న పరికరం ఉంటుంది. అలాంటి పరికరాల్లో చాలావాటి లోపల గింజంత పూస ఒకటి ఉంటుంది. పూస లోపల ప్లాటినం తీగ, పైన ఉత్ప్రేరకం పూత. గాలిలో మీథేన్ ఉంటే ఆ పూస మీద మంట లేకుండా కాలుతుంది. తీగ వేడెక్కుతుంది, దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది, ఎంత పెరిగిందో చూసి మీటరు మీథేన్ శాతం చూపిస్తుంది. గనిలో మనవాళ్ల ప్రాణం కాపాడే ఆ పూస చేసే పనే, నీ బండి కింద ఉన్న డబ్బా కూడా చేస్తోంది.

ఇప్పుడు ఆ డబ్బా లోపలికి చూద్దాం. బయట స్టీలు తొడుగు. లోపల కార్డిరైట్ అనే పింగాణీ జాతి దిమ్మె. దాన్ని ముఖం మీదుగా చూస్తే చిన్న చిన్న చదరపు రంధ్రాలు కనిపిస్తాయి. చదరపు అంగుళంలో సుమారు 400. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య గోడ మందం మిల్లీమీటరులో ఆరో వంతు. ఇటునుంచి అటు వెలుతురు కనపడుతుంది, పొగ ధారాళంగా పోతుంది. ఇలాంటి పింగాణీ దిమ్మెల తయారీ మీద హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధనాలయం కూడా పనిచేసింది. రంధ్రాల గోడలకు అల్యూమినా పూత పూస్తారు. పైకి నున్నగా కనిపించినా ఆ పూత నిండా కంటికి ఆనని సందులే. అందుకే దాన్ని పరిచి కొలిస్తే ఎకరాలకు ఎకరాలు వస్తుంది. ఆ సందుల్లో ప్లాటినం, పల్లాడియం రేణువులు చల్లి ఉంటాయి. మొత్తం కలిపితే కొన్ని గ్రాములే, కానీ పొగ వాటిని తాకకుండా పోవడానికి వీల్లేదు.

అక్కడ జరిగేది నీకు బాగా తెలిసిన కల్లంలో జరిగేదే. మోపులు వస్తాయి, కల్లంలో పడతాయి, గింజ ఒక దిక్కు పోతుంది, గడ్డి ఒక దిక్కు పోతుంది, కల్లం ఖాళీ అయి తర్వాతి మోపు కోసం సిద్ధంగా ఉంటుంది. ప్లాటినం మీద ఆక్సిజన్ అణువు వాలగానే రెండు పరమాణువులుగా విడిపోతుంది. పక్కనే కార్బన్ మోనాక్సైడ్ వాలుతుంది. విడిపోయిన ఆక్సిజన్ దానితో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, ఎగిరిపోతుంది, చోటు ఖాళీ అవుతుంది. సెకనుకు లెక్కలేనన్ని సార్లు ఇదే తంతు. ఈ తంతును ఒక్కొక్క మెట్టుగా విడదీసి చూపినందుకే జర్మనీ శాస్త్రవేత్త గెర్హార్ట్ ఎర్ట్ల్‌కు 2007లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కల్లం మీద మట్టి, రాళ్లు పేరుకుపోతే మోపు వేయడానికి చోటుండదు కదా. అలాగే ప్లాటినం మీద సీసమో గంధకమో ఇంజన్ ఆయిల్ బూడిదో కూర్చుంటే పని ఆగిపోతుంది. ఇది గుర్తుపెట్టుకో, ముందుముందు అవసరం పడుతుంది.

మోటారు బండికి ఈ విద్యను తెచ్చినవాడు యూజీన్ హూడ్రీ. ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు. 1950ల నడుమ కన్వర్టర్‌కు పేటెంట్ సంపాదించాడు. కానీ అప్పటి పెట్రోలులో సీసం కలిపేవాళ్లు. సీసం ప్లాటినం మీద పేరుకుని దాన్ని పనికిరాకుండా చేసేది. అందుకే అమెరికా కార్లలో అది 1975 మోడళ్లతో గానీ అందరికీ అందలేదు. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్, సీసం లేని పెట్రోలు వచ్చాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే.

"అది పెట్రోలు సంగతి, నా బండి డీజిల్ కదా తాతా" అంటావు. నిజమే, డీజిల్ తీరు వేరు. డీజిల్ ఇంజన్‌లో గాలి ఎక్కువ, కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ తక్కువే వస్తుంది. కానీ సగం కాలిన డీజిల్ ఆవిరి, కళ్లు మండించే ఫార్మాల్డిహైడ్ లాంటివి, నల్లటి మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. డీజిల్ కన్వర్టర్ వీటిలో ఆవిరిని, ఘాటు వాయువులను, మసి మీద అంటుకున్న జిడ్డును కాలుస్తుంది. మసి గింజను మాత్రం అది కాల్చలేదు. అందుకే 2020 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చినప్పుడు కన్వర్టర్ వెనక మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్, వచ్చి చేరింది. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల మసి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5 మిల్లీగ్రాములకు దిగింది. బంకులో పోసే డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 50 పాళ్ల నుంచి 10 పాళ్లకు తగ్గింది.

ఫిల్టర్ అంటే ఎప్పుడో ఒకప్పుడు నిండుతుంది. నిండిన మసిని లోపలే కాల్చేయాలి. ఉత్త ఆక్సిజన్‌తో మసి కాలాలంటే దాదాపు 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. లోడు లేకుండా ఊళ్లో తిరిగే బండి పొగకు అంత వేడి ఎక్కడిది? ఇక్కడే ముందున్న కన్వర్టర్ ఆదుకుంటుంది. అది నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ వాయువుతో అయితే 250 డిగ్రీలు దాటితే చాలు, మసి కాలడం మొదలుపెడుతుంది. అంతకూ కాలకపోతే బండి కంప్యూటర్ కొంచెం డీజిల్ అదనంగా పంపిస్తుంది. అది కన్వర్టర్‌లో కాలి, ఫిల్టర్‌ను 600 డిగ్రీలకు చేరుస్తుంది. అందుకే ఆ డబ్బా ఊడబీకి ఫిల్టర్‌ను ఒంటరిగా వదిలేస్తే ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. అప్పుడు మెకానిక్ దాన్నీ తీసేయమంటాడు. ఒకటి తీస్తే రెండోది, రెండోది తీస్తే సెన్సర్లు, సెన్సర్లు తీస్తే కంప్యూటర్ ప్రోగ్రామ్. ఎక్కడా ఆగదు.

ఇక నీ అసలు ప్రశ్న. బండి గుంజకపోవడం నిజమే, డబ్బా మూసుకుపోవడమూ నిజమే. మూసుకుపోయిన డబ్బా ఇంజన్‌కు ఊపిరాడనివ్వదు. దాన్ని తీసేస్తే ఆ రోజుకు బండి హాయిగా గుంజుతుంది. అందుకే తీయించినవాడు పదిమందికి చెప్తాడు. కానీ బాగా ఉన్న డబ్బా వల్ల పోయే శక్తి చాలా కొంచెం. తేడా అంతా దానిలో అడ్డం పడ్డదాని వల్లే. ఆ అడ్డం ఎక్కడి నుంచి వచ్చిందన్నది అసలు విషయం.

ఇంజెక్టర్ కారుతుంటే డీజిల్ సరిగా కాలక మసి ఎక్కువ వస్తుంది. కల్లాల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ నిండిపోతే గాలి చాలక మసి వస్తుంది. టర్బో సీలు పోతే ఇంజన్ ఆయిల్ పొగలో కలిసి కాలుతుంది. తక్కువ ధరకు దొరికిందని పాత రకం ఇంజన్ ఆయిల్ పోస్తే దానిలోని జింకు, కాల్షియం, ఫాస్ఫరస్ బూడిదై డబ్బాలో చేరతాయి. మసి కాలిపోతుంది గానీ, బూడిద ఎన్ని డిగ్రీలకూ కాలదు. బీఎస్-6 బండికి బూడిద తక్కువ ఇచ్చే ఆయిలే పోయాలి. ఏది పోయాలో బండి పుస్తకంలో ఉంటుంది. డ్రమ్ముల్లో అమ్మే కల్తీ డీజిల్, కిరోసిన్ కలిపిన డీజిల్ గంధకాన్ని మోసుకొస్తాయి. ఇవేవీ సరిచేయకుండా డబ్బా మాత్రమే తీసేస్తే కారే ఇంజెక్టర్ కారుతూనే ఉంటుంది, టర్బో ఆయిల్ తాగుతూనే ఉంటుంది. ఇంజన్ పాడవుతోందని చెప్పే ఒక్క గుర్తునూ నీ చేతులారా మాయం చేసుకున్నవాడివవుతావు.

ఫిల్టర్ నిండిందని మీటరు దగ్గర లైటు వెలిగినప్పుడు చేయాల్సింది కష్టమైన పని కాదు. ఊళ్లో చిన్న చిన్న కిరాయిలే తిరిగే బండి అయితే, పుస్తకంలో చెప్పినట్టు మంచి రోడ్డు మీద, జనగామ మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి లాంటి దాని మీద, ఒకే వేగంతో కాసేపు ఆపకుండా నడుపు. మసి తనంతట తానే కాలుతుంది. మాటిమాటికీ మధ్యలో ఇంజన్ ఆపేస్తే అదనంగా పంపిన డీజిల్ కాలకుండా ఇంజన్ ఆయిల్‌లోకి దిగి, ఆయిల్‌ను పలచన చేస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగిందంటే సంతోషించకు, అది ప్రమాద సూచన. అయినా లైటు ఆరకపోతే సర్వీసు సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి మసి కాల్పిస్తారు. బూడిద నిండితే విప్పి శుభ్రం చేయిస్తారు. ఇంకొక మాట. మసి కాలే సమయంలో పొగగొట్టం విపరీతంగా వేడెక్కుతుంది. మన రోడ్ల మీద వరిగడ్డి, మక్కచొప్ప పరిచి ఉంటాయి కదా. వాటి మీద బండి ఆపకు.

పెద్ద బండ్లకు ఇంకో ట్యాంకు ఉంటుంది, యూరియా పోసేది. నైట్రోజన్ ఆక్సైడ్ల పని పట్టేది అదే. నూటికి 32.5 పాళ్లు శుద్ధమైన యూరియా, మిగతా శుద్ధమైన నీళ్లు. వేడి పొగలో యూరియా విడిపోయి అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియా, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిసి వట్టి నైట్రోజన్, నీటి ఆవిరి అవుతాయి. అంటే మనం పీల్చే గాలిలో ఉన్నవే. పొలంలో చల్లే యూరియా నీళ్లలో కలిపి పోస్తే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. సరిపోదు. పొలం యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. ఆ పూతా, దానిలోని మలినాలూ నాజిల్‌ను, ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తాయి. పైగా అది రైతు కోసం సబ్సిడీ ఇచ్చిన ఎరువు. యూరియా బస్తా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ రైతులను చూసిన జిల్లాలు మనవి. దాన్ని బండ్లకు మళ్లించడం చట్టం ఒప్పుకోదు, మనస్సాక్షి అంతకన్నా ఒప్పుకోదు.

"నా ఒక్క బండితో ఏమవుతది తాతా" అంటావు. అమెరికాలో డీజిల్ పికప్‌ల వాళ్లూ ఇలాగే అనుకున్నారు. అక్కడి పర్యావరణ సంస్థ 2020 నవంబరులో లెక్క తేల్చింది. పదేళ్ల కాలంలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌లలో ఈ పరికరాలు తీసేశారు. అలాంటి బండ్లు నూటికి 15. కానీ అవి వదిలిన అదనపు పొగ, 90 లక్షలకు పైగా కొత్త పికప్‌లను రోడ్డు మీదికి తెచ్చినంత పని చేసింది. ఒక్క బండి డబ్బా తీస్తే ఒక్క బండి పొగ పెరగదు, పదికి పైగా బండ్ల పొగ పెరుగుతుంది.

ఆ పొగ ఎవరు పీలుస్తారు? క్యాబిన్‌లో ముందు కూర్చున్న నువ్వు కాదు. పొద్దున్నే మిరప ఏరడానికి పోయే ఆడవాళ్లు ఇలాంటి బండ్లలోనే వెనక నిలబడో కూర్చునో పోతారు. సామాను బండిలో మనుషులను ఎక్కించకూడదు, అయినా ఎక్కిస్తున్నారు. బండి ముందుకు పోతుంటే దాని వెనక గాలి పీడనం తగ్గుతుంది. ఆ ఖాళీని నింపడానికి వెనక గాలి సుడి తిరిగి బండి వైపే వస్తుంది, కింద నుంచి వదిలిన పొగను కూడా తీసుకొచ్చి టెయిల్‌బోర్డు మీదుగా వాళ్ల ముఖాలకు కొడుతుంది. కొంగు అడ్డం పెట్టుకుంటే దుమ్ము ఆగుతుందేమో గానీ మసి ఆగదు. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, డీజిల్ మసి రేణువుల్లో చాలావాటి సైజు మైక్రాన్‌లో పదోవంతు. ఊపిరితిత్తుల అడుగు దాకా పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ఆ నిర్ణయానికి బలమిచ్చిన అధ్యయనాల్లో ముఖ్యమైనది అమెరికా గని కార్మికుల మీద జరిగింది. గనుల్లో తిరిగే డీజిల్ యంత్రాల పొగ పీల్చిన 12,315 మంది ఆరోగ్య వివరాలు అందులో పరిశీలించారు.

"పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా" అనడమూ విన్నాను. డీజిల్ బండికి ఆ పరీక్షలో చూసేది పొగ నలుపు ఎంతో మాత్రమే. నలుపు లేని విషవాయువులను అది పట్టుకోదు. కాగితం చేతికొచ్చినంత మాత్రాన పొగ మంచిదైపోదు. చట్టం కూడా చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చేసిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 182-ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. 190వ సెక్షన్ కింద కాలుష్య నియమాలు మీరితే 10,000 రూపాయల దాకా జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ, పైగా లైసెన్స్ మీద వేటు.

ఇంకొక సంగతి ఆలోచించు. నీ బండి నుంచి తీసిన డబ్బా ఎటు పోతుంది? దానిలో ప్లాటినం, పల్లాడియం ఉన్నాయి. ఆ లోహాల కోసమే హైదరాబాద్ చుట్టుపక్కల రాత్రిపూట ఈకో వ్యాన్ల సైలెన్సర్లు కోసుకుపోయే ముఠాలు పుట్టుకొచ్చి పోలీసులకు చిక్కాయి. దొంగలు రాత్రిపూట వచ్చి దోచుకునే వస్తువును, నువ్వు పట్టపగలు కూలి కూడా ఇచ్చి తీయించి, పాత ఇనుము లెక్కలో వదిలేసి వస్తున్నావు. దాని ఖరీదు బండి ధరలోనే ఉంది, ఇంకా నువ్వు కడుతున్న కిస్తీల్లోనే ఉంది.

ఇవన్నీ విన్నాక నువ్వు చేయాల్సింది ఇది. ఈసారి ఎవరైనా డబ్బా తీసేద్దామంటే, "తీయడం తర్వాత, ఇది ఎందుకు మూసుకుపోయింది?" అని అడుగు. ఇంజెక్టర్లు చూశావా, ఎయిర్ ఫిల్టర్ చూశావా, టర్బో చూశావా, నేను పోస్తున్న ఆయిల్ సరైనదేనా అని అడుగు. వీటికి జవాబు చెప్పగలిగినవాడి చేతికే బండి ఇవ్వు. చెప్పలేక కోత మిషన్ తీసేవాడి దగ్గర నుంచి తాళం చెవి వెనక్కి తీసుకో. ఇంజన్ బాగుంటే డబ్బా బాగుంటుంది, నీ కిరాయీ నిలబడుతుంది, వెనక కూర్చున్న ఆడబిడ్డలు మంచి గాలి పీలుస్తూ మిరప చేనుకు పోతారు.